కాళ్ళూ నోరూ లేని ఏకకణ జీవులు ఎలా కదులుతాయి, ఎలా తింటాయి?

మీ ప్రశ్న ఇది కదా: ఎనిమిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి "అమీబాకు కండరాలు లేవు, నోరు లేదు, మెదడు లేదు, మరి ఎలా కదులుతుంది, తిండి ఎక్కడుందో దానికి ఎలా తెలుస్తుంది" అని అడిగింది. పుస్తకంలో చూస్తే అమీబాకు మిథ్యాపాదాలు (ఒంటి నుంచి వేళ్ళలా పొడుచుకు వచ్చేవి), పారమీషియంకు శైలికలు (పొట్టి వెంట్రుకల్లాంటివి), యూగ్లీనాకు కశాభం (కొరడాలాంటి పొడవాటి పోగు) అన్న పేర్లు తప్ప ఇంకేమీ దొరకలేదు. పాప చాలా మంచి ప్రశ్న వేసింది. చాలా ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు జువాలజీ ప్రాక్టికల్స్ చెప్పాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. పుస్తకంలో "చలనం" ఒక శీర్షిక, "పోషణ" ఇంకో శీర్షిక. పరీక్షకు అలా చదువుకోవచ్చు గానీ ఈ జీవుల్లో ఆ రెండూ చాలావరకు ఒకే యంత్రాంగం చేసే పనులు. దేనితో కదులుతుందో దానితోనే తింటుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా పేర్లన్నీ వాటంతట అవే గుర్తుంటాయి.

ముందు వాటి చుట్టూ ఉండే నీళ్ళ గురించి చెప్పాలి, ఎందుకంటే అందరూ దాటేసేది అదే. మనం చెరువులో ఈదేటప్పుడు ఒకసారి చేయి వేసి ఆపేసినా కాసేపు ముందుకు జారుతూ పోతాం. ఒక మిల్లీమీటరులో వందో వంతో, వెయ్యో వంతో ఉన్న జీవికి ఆ వెసులుబాటు లేదు. దాని శరీరం ఎంత చిన్నదంటే నీటి జిగురు ముందు దాని బరువు, వేగం ఎందుకూ పనికిరావు, చిక్కటి బెల్లం పాకంలో మనిషి ఈదినట్టే ఉంటుంది దాని పరిస్థితి. ఎడ్వర్డ్ పర్సెల్ అని, భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అమెరికన్, 1977లో దీని మీద లెక్క వేసి చూపించాడు. ఈదుతున్న బాక్టీరియా ఈత ఆపేస్తే ఇంకెంత దూరం జారుతుంది? ఒక పరమాణువు వెడల్పు కూడా జారదు, అంతకంటే చాలా ముందే నిలిచిపోతుంది. అంటే ఈ లోకంలో ప్రయత్నం ఆగిన క్షణమే కదలిక ఆగిపోతుంది.

దీని వల్ల ఇంకో చిక్కు వస్తుంది. ఒక అవయవాన్ని ముందుకు ఎలా ఊపారో వెనక్కి కూడా సరిగ్గా అలాగే తెచ్చారనుకోండి, మొదటి ఊపులో ఎంత ముందుకు పోతారో రెండో ఊపులో అంతే వెనక్కి వచ్చేస్తారు. వేగంగా కొట్టి నెమ్మదిగా వెనక్కి తెచ్చినా లాభం లేదు, ఆ జిగురులో వేగం తేడా లెక్కలోకే రాదు. ముందుకు పోవాలంటే రెండు ఊపుల ఆకారమే వేరుగా ఉండాలి, లేదా స్క్రూలా తిరగాలి, లేదా ఏదైనా ఉపరితలాన్ని పట్టుకుని పాకాలి. శైలికలు, కశాభాలు, మిథ్యాపాదాలు అని మనం బట్టీ పట్టేవన్నీ ఈ ఒక్క చిక్కు నుంచి బయటపడే దారులే.

ఇప్పుడు అమీబా. ప్రాక్టికల్స్‌లో చూపించే అమీబా ప్రోటియస్ ఏకకణ జీవుల్లో పెద్దదే, పావు మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు దాకా ఉంటుంది, కళ్ళు బాగా పనిచేసేవాళ్ళకు గాజు పాత్రలో తెల్లటి చుక్కలా కనబడుతుంది కూడా. దాని లోపల ద్రవ్యం రెండు రకాలు. పొరను ఆనుకుని గట్టిగా జెల్‌లా ఉండేది ఒకటి, లోపల పలచగా పారేది ఇంకొకటి. మైక్రోస్కోప్‌లో కాసేపు ఓపిగ్గా చూస్తే లోపలి రేణువులు ఒక వైపుకు వరదలా పారడం, ఆ వైపు పొర ఉబ్బి వేలులా ముందుకు రావడం, ఆ వేలు కొసకు చేరిన ద్రవ్యం పక్కలకు మళ్ళి గట్టిపడటం, వెనక చివర గట్టిగా ఉన్నది మళ్ళీ పలచబడి ప్రవాహంలో కలవడం స్పష్టంగా తెలుస్తుంది. జెల్ గట్టిపడటానికి, సంకోచించడానికి కారణం ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్లు. మన కండరాలను కదిలించేవి కూడా ఇవే. కాబట్టి "అమీబాకు కండరాలు లేవు" అన్నది నిజమే అయినా కండరంలో పనిచేసే సరుకు మాత్రం దాని దగ్గర ఉంది. వెనక భాగం సంకోచించి లోపలి ద్రవ్యాన్ని ముందుకు నెడుతుందా, లేక ముందు భాగమే సంకోచించి లాగుతుందా అని శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఇలాంటి పెద్ద అమీబాల్లో వెనక నుంచి వచ్చే ఒత్తిడికి పెద్ద పాత్ర ఉందని చూపే ఆధారాలు బలంగానే ఉన్నాయి. వేగం మాత్రం తక్కువే, ఒక్క మిల్లీమీటరు పోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

ఇదే అమీబా తినడం చూడండి. తిండి నుంచి నీటిలోకి వచ్చే రసాయనాలు దాని పొర మీద ఉన్న గ్రాహకాలకు తగిలితే ఆ వైపు మిథ్యాపాదాలు లేస్తాయి. ఎదురుగా ఉన్నది కదలని శైవలం (పాచి లాంటిది) అయితే దాని ఒంటిని దాదాపు రాసుకుంటూ చుట్టేస్తుంది. పారమీషియం లాంటి చురుకైన జీవి అయితే తగలకుండా, చుట్టూ ఖాళీ వదిలి, వెడల్పాటి దొప్పలా మిథ్యాపాదాలను చాచి చివర్లు కలిపేస్తుంది. విద్యార్థులకు నేను ఎప్పుడూ ఇక్కడే ఆగి చూడమనేవాణ్ణి, ఎందుకంటే ముందుకు పాకడానికి వాడిన ఆక్టినే, అదే పొరే, ఇప్పుడు నోరు అయింది. పని అయ్యాక ఆ నోరు మాయమైపోతుంది. లోపల చిక్కిన జీవి, కొంచెం నీళ్ళు కలిసి ఆహార రిక్తిక, అంటే తిండి ఉన్న తిత్తి, అవుతుంది. కాసేపు ఆ జీవి లోపల తిరుగుతూ కొట్టుకోవడం కూడా కనబడుతుంది. తర్వాత ఆ తిత్తిలో ఆమ్లం పెరుగుతుంది, లైసోజోములు అనే చిన్న సంచులు వచ్చి కలిసి జీర్ణం చేసే ఎంజైములు వదులుతాయి, జీర్ణమైనది పొర గుండా కణద్రవ్యంలోకి పోతుంది, మిగిలిన చెత్తను నడక సాగుతుండగానే వెనక్కి వదిలేస్తుంది. మింగిన ప్రతిసారీ ఒంటి పొరలో ఒక ముక్క లోపలికి పోతుంది కదా, దాన్ని కూడా తిరిగి బయటి పొరకే చేరుస్తుంది, లేకపోతే నాలుగు మెతుకులు తినేసరికి చర్మం చాలకుండా పోతుంది.

మన రక్తంలోని తెల్ల కణాలు కూడా ఇదే పద్ధతి. న్యూట్రోఫిల్ అనే తెల్ల కణం బాక్టీరియా వదిలే రసాయనాల వెంట పాకుతూ పోయి ఆ బాక్టీరియాను చుట్టి మింగుతుంది. 1882లో మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త నక్షత్రచేప డింభకాల్లో ముల్లు గుచ్చి, దాని చుట్టూ పాకే కణాలు మూగడం చూసి ఈ కణభక్షణ ఆలోచనను మొదలుపెట్టాడు, 1908లో నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నాడు. మీ పాపకు ఈ మాట తప్పకుండా చెప్పండి: అమీబా ఎలా కదులుతుందో నేర్చుకుంటే తన ఒంట్లో దెబ్బ తగిలిన చోట ఏం జరుగుతుందో కూడా నేర్చుకున్నట్టే.

అమీబా అంటే మనవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది కడుపునొప్పి, అమీబియాసిస్. అది వేరే జీవి, ఎంటమీబా హిస్టోలిటికా. కలుషితమైన నీళ్ళలో గట్టి గోడ ఉన్న సిస్టుగా కడుపులోకి వస్తుంది, పేగులో బయటపడి పాకుతుంది, చాలామందిలో అక్కడి బాక్టీరియాను తింటూ ఏ ఇబ్బందీ లేకుండా ఉండిపోతుంది. కొందరిలో మాత్రం పేగు గోడ మీద పడుతుంది. అప్పుడు బతికున్న మన కణాలను మొత్తంగా మింగకుండా ముక్కలు ముక్కలుగా కొరికి తింటుందని 2014లో పరిశోధకులు చూపించారు, అలా కొరికించుకున్న కణం చచ్చిపోతుంది. నీళ్ళు కాచి తాగమనేది ఇందుకే, మరిగిస్తే సిస్టు చస్తుంది.

పారమీషియం దగ్గరికి వద్దాం, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పావు మిల్లీమీటరు పొడవు, సెకనుకు దాదాపు ఒక మిల్లీమీటరు వేగం, అంటే ప్రతి సెకనుకూ తన ఒంటి పొడవుకు నాలుగు రెట్లు. ఒంటి నిండా వేలకొద్దీ శైలికలు, ఒక్కొక్కటి సెకనుకు పది ఇరవై సార్లు కొట్టుకుంటుంది. ముందు చెప్పిన చిక్కు గుర్తుందా? శైలిక దాన్ని ఇలా దాటుతుంది. కొట్టేటప్పుడు నిటారుగా చాచి నీటిని వెనక్కి తోస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు మెత్తగా వంగి ఒంటిని ఆనుకుని వస్తుంది. రెండు ఊపుల ఆకారం వేరు కాబట్టి నికరంగా ముందుకే పోతుంది. పక్కపక్క శైలికలు ఒకేసారి కొట్టవు, ఒకదాని వెనక ఒకటి కొద్ది ఆలస్యంతో కొడతాయి, అందుకే ఒంటి మీద అలలు పోతున్నట్టు కనబడుతుంది. అవి కాస్త ఏటవాలుగా కొట్టడం వల్ల పారమీషియం తన చుట్టూ తాను తిరుగుతూ, మెలికలు వేస్తూ ఈదుతుంది.

శైలిక లోపల సన్నటి గొట్టాలు ఉంటాయి, చుట్టూ తొమ్మిది జతలు, మధ్యలో రెండు. ఆ జతల మధ్య డైనీన్ అనే ప్రోటీన్ ఒక గొట్టాన్ని పట్టుకుని పక్కదాన్ని జరుపుతుంది, ఆ జారుడే వంపుగా మారుతుంది. మన శ్వాసనాళంలో కఫాన్ని పైకి తోసే శైలికల్లోనూ, వీర్యకణం తోకలోనూ ఇదే నిర్మాణం. డైనీన్‌కు ఇంధనం ఏటీపీ, అమీబా మయోసిన్‌కూ అదే. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో కండరం నుంచి వేరుచేసి చూపినవాళ్ళు ఫిస్క్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. సుబ్బారావుగారి పేరు మన పిల్లలకు మందుల దగ్గర చెబుతాం గానీ ఇక్కడ చెప్పం, చెప్పాలి.

పారమీషియం నోరు మాత్రం స్థిరమైనది. ఒంటి పక్కన ఒక గాడి, దాని చివర లోపలికి పోయే గొంతు. గాడిలోని శైలికలు కూడా శైలికలే, కానీ అక్కడ పని బాక్టీరియాతో నిండిన నీటిని గొంతులోకి తోయడం. గొంతు అడుగున తిత్తి ఉబ్బి, తెగి, లోపల ప్రయాణం మొదలుపెడుతుంది. తిండి పుష్కలంగా ఉంటే కొన్ని నిమిషాలకొకటి చొప్పున తిత్తులు పుడుతూనే ఉంటాయి. అవి కణమంతా చుట్టి, ఆమ్లం నిండి, తర్వాత తటస్థమై, చివరికి చెత్తను బయటికి వదిలే ఒక నిర్ణీత స్థానానికి చేరతాయి. ఏది తిండో ఏది కాదో దానికి పెద్దగా పట్టింపు లేదు, సరైన సైజులో ఉంటే సిరా నలుసులు కూడా మింగేస్తుంది.

వోర్టిసెల్లా చూస్తే నేను మొదట్లో అన్న మాట ఇంకా తేటగా తెలుస్తుంది. అది ఒక కాడతో ఆకుకో వేరుకో అతుక్కుని ఉంటుంది, ఈదాల్సిన పని లేదు, అయినా నోటి చుట్టూ శైలికలు ఆగకుండా కొడుతూ సుడి పుట్టిస్తాయి, నీళ్ళే దాని దగ్గరికి వస్తాయి. కదలని జీవి నీళ్ళను కదిలిస్తుంది, నీళ్ళలో కదిలే జీవి తనను కదిలించుకుంటుంది, శైలికకు రెండూ ఒకటే. ఏదైనా తగిలితే కాడ సెకనులో వందో వంతు కూడా పట్టకుండా స్ప్రింగులా చుట్టుకుపోతుంది. ఇంకో శైలికా జీవి డిడినియం తనకంటే పెద్దదైన పారమీషియంను విషపు సూదులతో కదలకుండా చేసి మొత్తంగా మింగేస్తుంది.

ఇక "మెదడు లేకుండా ఎలా తెలుస్తుంది" అన్నదానికి వస్తాను, పాప అసలు ప్రశ్న ఇదే అనుకుంటాను. పారమీషియం ఈదుతూ పోయి ఒక అడ్డానికి ముందు భాగం గుద్దుకుంటుంది. పొరలో మార్గాలు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. కాల్షియం పెరగగానే శైలికలు ఎదురు దిశలో కొడతాయి, జీవి వెనక్కి పోతుంది. తర్వాత కాల్షియంను బయటికి తోసేస్తుంది, కాస్త పక్కకు తిరిగి మళ్ళీ ముందుకు పోతుంది. వెనక భాగం తాకితే వేరే మార్గాలు తెరుచుకుని పొటాషియం బయటికి పోతుంది, అప్పుడు ఇంకా వేగంగా ముందుకు పారిపోతుంది. ఇది మన నాడీకణంలో జరిగే విద్యుత్ మార్పు లాంటిదే. 1972లో నైతో, కనెకో అనే శాస్త్రవేత్తలు డిటర్జెంట్‌తో పారమీషియం పొరను పాడుచేసి, ప్రాణం లేని ఆ తొడుగుకు ఏటీపీ, మెగ్నీషియం ఇచ్చారు. అది ఈదింది! కాల్షియం చాలా తక్కువగా ఉంటే ముందుకు, పెంచితే వెనక్కి. ఇంకా ముచ్చటైన సంగతి, ఆ కాల్షియం మార్గాలు పనిచేయని పారమీషియంలు ఉన్నాయి, అవి వెనక్కి పోలేవు, అందుకని వాటికి చదరంగంలో బంటు పేరు పెట్టారు. అంటే "తెలుసుకోవడం" అనే పని పొరలోని ఈ మార్గాలే చేస్తున్నాయి, దానికి విడిగా ఒక అవయవం అక్కర్లేదు.

బాక్టీరియా ఇంకా చిన్నది కాబట్టి దాని పద్ధతి వేరు. ఈ. కొలై అనే బాక్టీరియా రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవు, ఒంటికి కొన్ని కశాభాలు. పేరు ఒకటే గానీ యూగ్లీనా కశాభానికీ దీనికీ సంబంధం లేదు, ఇది వంగదు, మొదట్లో ఉన్న మోటారు దీన్ని గుండ్రంగా తిప్పుతుంది. 1974లో సిల్వర్‌మన్, సైమన్ కశాభాన్ని గాజుకు అతికించి చూస్తే బాక్టీరియా ఒళ్ళే గిరగిరా తిరిగింది. ఆ మోటారును తిప్పేది ఏటీపీ కూడా కాదు, పొర దాటి లోపలికి వచ్చే ప్రోటాన్ల ప్రవాహం. కశాభాలన్నీ ఒక దిశలో తిరిగితే కట్టలా కలిసి నేరుగా తోస్తాయి, సుమారు ఒక సెకను ఇలా పరుగు. మోటారు దిశ మారితే కట్ట విడిపోయి బాక్టీరియా దొర్లుతుంది, మళ్ళీ ఏదో ఒక వైపుకు పరుగు. దిశ ఎంచుకునే శక్తి దానికి లేదు. కానీ కొద్ది సెకన్ల కిందటి కంటే ఇప్పుడు తిండి ఎక్కువగా తగులుతోందా అని పోల్చుకోగలదు, ఎక్కువైతే దొర్లడం వాయిదా వేస్తుంది. ఇంతే, దీంతోనే చక్కెర ఉన్న వైపుకు చేరిపోతుంది. తినడానికి దానికి నోరు అక్కర్లేదు, కరిగిన పదార్థాన్నే పొరలోని ప్రోటీన్లు లోపలికి లాగుతాయి. ఆ సైజులో తిండి అణువులు వాటంతట అవే వ్యాపించి ఒంటికి వచ్చి తగిలేది ఎక్కువ, ఈదితే అదనంగా దొరికేది చాలా తక్కువ. అది ఈదేది మెరుగైన చోటు వెతుక్కోవడానికే.

యూగ్లీనా గురించి రెండు మాటలు చాలు. ముందున్న కశాభం దాన్ని లాగుతుంది. కంటిచుక్క వెలుగును చూడదు, పక్కనే ఉన్న కాంతి గ్రాహకం మీద నీడ వేస్తుంది, ఒళ్ళు తిరుగుతుంటే ఆ నీడ పడే తీరును బట్టి వెలుగు ఎటుందో తేలుతుంది. వెలుగే దాని తిండి కాబట్టి ఇక్కడా కదలిక తిండి కోసమే. చీకట్లో ఉంచితే కరిగిన ఆహారంతో కూడా బతుకుతుంది.

కాళ్ళు, శైలికలు, మిథ్యాపాదాలు ఏవీ లేకుండా జారిపోయేది మలేరియా పరాన్నజీవి. దోమ కుట్టినప్పుడు చర్మంలోకి వచ్చే దాని రూపం, తన ఒంటి మీది ప్రోటీన్లతో చుట్టూ ఉన్నదాన్ని పట్టుకుని, లోపలి మయోసిన్‌తో ఆ పట్టును వెనక్కి లాగుతూ సెకనుకు ఒకటి రెండు మైక్రాన్లు ముందుకు జారుతుంది. ఎర్ర రక్తకణంలోకి దూరడానికీ ఇదే మోటారు. లోపలికి చేరాక పరుగు ఆపేసి హీమోగ్లోబిన్‌ను మింగి జీర్ణం చేసుకుంటుంది, అందులో మిగిలిన హీమ్ (ఇనుము ఉన్న భాగం) దానికి విషం కాబట్టి దాన్ని నల్లటి స్ఫటికాలుగా మార్చి పక్కన పెడుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టర్ దోమ జీర్ణాశయపు గోడలో చూసిన కణాలు మలేరియావే అని గుర్తుపట్టింది ఆ నల్లటి రంగు రేణువుల వల్లే, అంటే ఆ జీవి తిండి మిగులు వల్లే. క్లోరోక్విన్ పనిచేసేది కూడా అక్కడే, స్ఫటికాలు కట్టనివ్వదు, తిన్నదే దానికి విషమవుతుంది.

చివరగా, ఇవన్నీ చదవడం కంటే పాపకు చూపించడం మేలు. ఎండు వరిగడ్డిని ముక్కలు చేసి నీళ్ళలో పది నిమిషాలు మరిగించి చల్లార్చండి, కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేలా ముందే ఒక రాత్రి తెరిచి ఉంచండి. గాజు సీసాలో పోసి, ఒక రోజు తర్వాత చెరువు నీళ్ళు, కుళ్ళిన ఆకు ముక్క కలిపి, పల్చటి గుడ్డ కట్టి ఎండ నేరుగా పడని చోట పెట్టండి. రెండు మూడు రోజుల్లో నీళ్ళు తెల్లగా మారతాయి, అది బాక్టీరియా. ఇంకొన్ని రోజులకు వాటిని తినే శైలికా జీవులు వస్తాయి, పారమీషియం దొరికే అవకాశం బాగానే ఉంటుంది. పై పొర నుంచి చుక్క తీసి స్లయిడ్ మీద వేసి, విడదీసిన దూది పోగులు నాలుగు వేసి కవర్ స్లిప్ పెట్టండి. పోగుల మధ్య చిక్కితేనే పారమీషియం చూడ్డానికి నిలుస్తుంది, పైగా పోగుకు గుద్దుకుని వెనక్కి వెళ్ళి పక్కకు తిరగడం కళ్ళారా కనబడుతుంది. వెలుతురు తగ్గించి చూడండి, ఎక్కువ లైటు పెడితే ఈ పారదర్శకమైన జీవులు కనబడవు, పిల్లలు "ఏమీ లేదు సార్" అనేది చాలాసార్లు ఇందుకే. అమీబా కావాలంటే పై నీళ్ళలో వెతక్కండి, అడుగున మట్టిలో, కుళ్ళిన ఆకు కింది వైపు చూడండి, అది దొరకడానికి ఓపిక కావాలి.

స్కూల్ ల్యాబ్‌లో టీచర్ సాయం ఉంటే ఈస్టును కాంగో రెడ్ రంగుతో ఉడికించి, చల్లారాక సూది మొన మీద వచ్చేంత ఆ చుక్కలో కలపమనండి. మింగిన తిత్తులు మొదట ఎర్రగా ఉండి, ఆమ్లం పెరిగాక నీలంగా మారి, తర్వాత మళ్ళీ ఎరుపుకు తిరుగుతాయి. జీర్ణం జరగడం రంగులో కనబడుతుంది. ఆ రంగు చేతికి అంటకూడదు, గ్లవ్స్ వేసుకోవాలి. ఇంట్లో అయితే నల్ల ఇండియన్ ఇంకు ఒక నలుసంత చాలు, తిత్తులు నల్లగా కనబడతాయి. చెరువు నీళ్ళు తెచ్చేటప్పుడు, వాడేటప్పుడు ముక్కులోకి పోకుండా చూసుకోండి, కేరళలో కొన్నేళ్ళుగా కేసులు వస్తున్న నెగ్లేరియా ఫౌలరీ అనే అమీబా మెదడుకు చేరేది ముక్కు దారినే. పని అయ్యాక ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోండి.